స్విచ్చు మీద సెలోటేపు

హైదరాబాదు పడమటి దిక్కున ఫ్లాట్లు అమ్మే బ్రోషరు ఏది తిరగేసినా, క్లబ్‌హౌసుకీ స్విమ్మింగ్ పూలుకీ మధ్య ఎక్కడో ‘వాయిస్ కంట్రోల్ లైటింగ్’ అన్న ముక్క తగులుతుంది. పక్కనే ఒక ఫొటో. సోఫాలో చేరగిలబడి, చేతిలో కాఫీ కప్పుతో ఒకాయన గాల్లోకి చూస్తూ ఏదో సెలవిస్తుంటాడు. వెనకాల దీపాలన్నీ వినయంగా వెలుగు తగ్గించుకుంటాయి. ఆ ఫొటోలో స్విచ్‌బోర్డు ఉండదు. ఇంకో మనిషీ ఉండడు. ఈ రెండూ లేకపోవడం ఫొటోగ్రాఫరు మతిమరుపు కాదని నా అనుమానం.

మా చుట్టాలింట్లో ఈ వైభోగాన్ని దగ్గర్నుంచి చూసే భాగ్యం కలిగింది. హాలు సీలింగులో ఆరు బల్బులు, టీవీ వెనక ఎల్‌ఈడీ పట్టీ, డైనింగ్ టేబుల్ మీద వేలాడే దీపాలు మూడు. వీటన్నిటినీ ఇంటాయన ఫోన్లో గ్రూపులు కట్టాడు. ‘హాల్’, ‘హాల్ సీలింగ్’, ‘హాల్ టీవీ’, ‘మూవీ’, ‘గెస్ట్స్’. పంచాయతీ ఎన్నికలప్పుడు ఏ పార్టీలోనూ ఇన్ని వర్గాలుండవు. మాకు చూపించాలని ఉత్సాహపడి, “హాల్ లైట్లు ముప్ఫై శాతం” అని ఇంగ్లీషులో ఆజ్ఞాపించాడు. ఆ పేరుతో చాలా ఉన్నాయి, ఏది కావాలో చెప్పమంది గూట్లోని గుండ్రటి డబ్బా. చెప్పాడు. లోపలి గదిలో వెలుగు తగ్గింది. అక్కడ హోంవర్కు చేసుకుంటున్న పిల్ల “నాన్నా, మళ్ళీ!” అని కేకేసింది.

(ఆ డబ్బాని నిద్రలేపే పేరు ఇక్కడ రాయను. ఈ వ్యాసం ఎవరైనా పైకి చదివితే వాళ్ళ హాలు చీకటైపోతుంది. ఇది వేళాకోళం కాదు. 2017 జనవరిలో అమెరికాలోని శాన్ డియేగోలో ఒక టీవీ యాంకరు వార్తల మధ్య ఆ పేరు పలికి, బొమ్మరిల్లు ఆర్డరు చేసిన వేరే ఊరి పాప మాటను సరదాగా చెప్పాడు. ప్రేక్షకుల ఇళ్ళల్లోని డబ్బాలు కూడా బొమ్మరిల్లు కొనబోయాయని ఆ చానెలుకి ఫిర్యాదులొచ్చాయి.)

అసలు చూడాల్సింది ఆ డబ్బా కాదు, గోడ మీది స్విచ్చు. దాన్ని ఆన్‌లో పెట్టి, పైన అడ్డంగా సెలోటేపు వేశారు. టేపు అంచులు దుమ్ము పట్టి నల్లబడ్డాయి. కింద స్కెచ్ పెన్నుతో ‘ఆపవద్దు’ అని రాసి ఉంది. ఎందుకంటే ఎవరైనా అలవాటు కొద్దీ స్విచ్చు నొక్కితే బల్బుకి కరెంటు పోతుంది. కరెంటు లేని బల్బుకి వైఫై అందదు, ఆజ్ఞ వినబడదు. అంటే ఈ సౌకర్యం పనిచేయాలంటే ముందు ఇంట్లో ఉన్న సౌకర్యానికి సీలు వేయాలన్నమాట.

స్విచ్చుకి ఒక మంచి గుణం ఉంది. నొక్కిందెవరని అడగదు. ఇంటి యజమాని వేలూ, ఇంటిపనికొచ్చే మనిషి వేలూ, చీటీల డబ్బుకొచ్చిన పక్కింటావిడ వేలూ దానికి ఒకటే. పాస్‌వర్డు అక్కర్లేదు, గ్రూపు పేరు గుర్తుండక్కర్లేదు, యాస బాగుండక్కర్లేదు. ఆ ఇంట్లో ఇప్పుడు వెలుగు మీద హక్కు యాప్ ఉన్నవాడిది. ఆయన ఆఫీసు నుంచి ‘మూవీ’ గ్రూపు ఆపడం మరిచిపోతే, పనమ్మాయి ఆ మసక వెలుగులోనే గది తుడుస్తుంది. తెనాలి నుంచి వచ్చిన పెద్దావిడ డబ్బా ముందు నిలబడి “లైటెయ్యి తల్లీ” అని ఎంతో మర్యాదగా అడిగింది. తల్లి పలకలేదు. అమెజాన్ వారి ఎకో డబ్బా మన దేశానికి 2017లో ఇంగ్లీషుతో వచ్చింది, 2019లో హిందీ నేర్చింది. తెనాలి తెలుగు ఆ ఇంటి డబ్బాకైతే అంటలేదు. రాత్రి మంచినీళ్ళకి లేచిన ఆవిడ ఫ్రిజ్ తలుపు తెరిచి, ఆ వెలుగులో గ్లాసు వెతుక్కుంది.

వెలుగు తగ్గించుకోవడం ఇవాళ కనిపెట్టిన విద్యేమీ కాదు. లాంతరు వత్తిని మరతో దించేవాళ్ళం. ఆ తర్వాత జీరో బల్బుతో సరిపెట్టుకున్నాం. పేరుకే సున్నా గానీ పాతకాలం జీరో బల్బు దాదాపు 15 వాట్లు తాగేది. గోడలో ఇమిడే డిమ్మరు కోసం అమెరికాలో జోయెల్ స్పైరా 1959 నాటికే కుస్తీ పట్టాడు, 1961లో ల్యూట్రాన్ కంపెనీ పెట్టాడు. మరను కాస్త తిప్పితే తగ్గేది, కంటికి బాగుందనిపించిన చోట చెయ్యి ఆగేది. ఇప్పుడు కన్ను చేసే పనిని లెక్కల మాస్టారికి అప్పగించి, శాతాల్లో చెప్పమంటున్నారు. కంటికి శాతాలు తెలియవు. వెలుగు సగమైందని దానికి అనిపించాలంటే అసలు వెలుగు దాదాపు పావు వంతుకి దిగాలి. అందుకే యాభై అన్నవాడు నలభై అంటాడు, నలభై అన్నవాడు ముప్ఫై అంటాడు. ఈ వేలంపాట పూర్తయ్యేసరికి సినిమాలో టైటిల్స్ అయిపోతాయి.

కరెంటు ఆదా అవుతుందనే వాదన ఒకటుంది. సరే, కాగితం తీద్దాం. 9 వాట్ల బల్బులు ఆరింటిని సగానికి తగ్గించి రోజుకి 5 గంటలు వాడితే మిగిలేది 135 వాట్ అవర్లు. వెలగని 19 గంటలూ పిలుపు కోసం చెవులు రిక్కించుకుని ఉండటానికి బల్బుకి అర వాటు చొప్పున వేసుకున్నా 57 పోయాయి. డబ్బాకి 2 వాట్ల లెక్కన ఇంకో 48. చేతిలో మిగిలింది 30. నెలంతా పోగేసినా యూనిట్ నిండదు. ఆరు బల్బుల్లో మూడు ఆర్పేస్తే 135కి 135 మిగులుతాయి. అందుకు కావాల్సిన యంత్రం టేపు కింద ఉంది.

ఇక కరెంటు పోయి వస్తే చూడాలి. ఈ బల్బుల్లో చాలావాటికి, సెట్టింగు మార్చకపోతే, కరెంటు రాగానే నిండుగా వెలగడం పుట్టుకతో వచ్చిన బుద్ధి. రాత్రి రెండింటికి కరెంటొస్తుంది. ఇల్లంతా పెళ్ళి పందిరి.

మంచం మీంచి లేవలేని మనిషికి, చేతులు స్వాధీనంలో లేని మనిషికి ఈ డబ్బా నిజంగా దేవుడే. వాళ్ళ ఇంట్లో దాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. నా గొడవ కాళ్ళూ చేతులూ శుభ్రంగా ఉండి, సాయంత్రం పార్కులో పదివేల అడుగులు నడిచి, ఇంటికొచ్చి స్విచ్చు దాకా నాలుగడుగులు వేయలేనివాళ్ళతోనే.

ఆ నాలుగడుగులు మిగిల్చినందుకు మాట ఎంత దూరం నడుస్తుందో చూడండి. సాధారణంగా మన గొంతు డబ్బాలోంచి రూటర్లోకి, అక్కణ్ణుంచి స్పీకరు కంపెనీ సర్వర్లకి, అక్కణ్ణుంచి బల్బు కంపెనీ సర్వర్లకి వెళ్ళి, మళ్ళీ మన నెత్తిమీది బల్బు దగ్గరికి వస్తుంది. దారిలో ఎవరికి జలుబు చేసినా మన హాలుకి తుమ్ము. 2021 డిసెంబరు 7న అమెరికాలో అమెజాన్ సర్వర్లు మొరాయించినప్పుడు ఎకో డబ్బా చాలామందికి మూగబోయింది. 2025 అక్టోబరు 20న మళ్ళీ అదే తంతు.

అంతకంటే ముచ్చటైనది ఇన్‌స్టియాన్ కథ. ఇళ్ళల్లో దీపాలనీ డిమ్మర్లనీ కలిపి నడిపించే ఈ అమెరికా కంపెనీ 2022 ఏప్రిల్లో ముందుగా మాటైనా చెప్పకుండా సర్వర్లు ఆపేసింది. యాపులు మొద్దుబారాయి, గొంతు ఆజ్ఞలు గాల్లో కలిశాయి. గోడ మీది స్విచ్చులు మాత్రం చేత్తో నొక్కితే పనిచేశాయి. చివరికి రెండు నెలలు తిరక్కుండా వాడకందారుల్లోనే కొందరు కూడబలుక్కుని ఏకంగా ఆ కంపెనీనే కొనేశారు. మన గేటెడ్ కమ్యూనిటీ సంఘాలు లిఫ్టు మరమ్మతులకీ జనరేటరు డీజిలుకీ ఎలాగూ డబ్బు తీసి పెడుతున్నాయి కాబట్టి, కార్పస్ ఫండులో బల్బు కంపెనీ కొనుగోలుకి కూడా ఒక పద్దు ఇప్పుడే తెరవడం మంచిది.