కదురు చెప్పిన కథ

నేనొక కదురను. కంచు మొనయు ఒలీవ కొయ్య పిడియు గలిగి, యూదా కొండసీమలో ఒక గృహస్థుని యింట చెప్పుల వారులకు బెజ్జములు పొడుచుచు, మేకతోలు తిత్తులు కుట్టువారికి దారి చేయుచు కాలము గడపినదానను. ప్రాణమున్న చర్మమును పొడుచుట నా వృత్తి గాదు. ఐనను మోషే ధర్మశాస్త్రము నన్నట్టి కార్యమున కొకదానికి నియమించినది.

దారిద్ర్యముచేత తన్ను అమ్ముకొనిన హెబ్రీయుడు ఆరు సంవత్సరములు కొలువు చేసి, ఏడవ యేట ఏమియు చెల్లింపక స్వతంత్రుడై పోవలెను. వానిని వట్టిచేతులతో పంపరాదు. మందలోనుండియు, కళ్లములోనుండియు, ద్రాక్షగానుగనుండియు ధారాళముగా ఇయ్యవలెను. ఏలయనగా ఇచ్చువాని పితరులును ఐగుప్తులో దాసులే. మా యింటి దాసుడు ఆ యీవిని, ఆ స్వేచ్ఛను ఎదుట నుంచుకొనియు, యజమానునియందు తనకు ప్రేమ కలదనియు, ఆలుబిడ్డలను విడిచి పోననియు అందరు వినునట్లు పలికెను. అంతట యజమానుడు వానిని దేవుని సన్నిధికి కొనిపోయి, పిమ్మట వాని చెవితమ్మెను ద్వారబంధమున కానించి, వాడిక నిత్యదాసుడనుటకు గురుతుగా నన్ను గుచ్చెను. ఆ మాంసము తోలువలె మొరాయింపలేదు, వెచ్చగా నుండెను. ఒక నెత్తుటిబొట్టు నా పిడిదాక జారెను. నా మొన చెవిని దాటి కొయ్యలో నాటుకొనెను. అంతసేపును తలుపు తెరచియే యుండెను. వాడు అటు చూడలేదు.

యజమానుడిచ్చిన భార్యయు, ఆమె బిడ్డలును యజమానునికే చెందుదురను నియమమును నేను దాచను. ప్రేమయు నిర్బంధమును పెనవేసికొనిన చోట ఏది యెంతయో నిర్ణయించుట నాకు శక్యము గాదు. యెరూషలేము దేవాలయము క్రీ.శ. 70లో కూలిననాటి యోహానాను బెన్ జక్కయి అను గురువు ఆ చెవినే నిందించెను: ఇశ్రాయేలీయులు నా దాసులని సీనాయి యొద్ద దేవుడు పలుకగా విన్న చెవి, మరియొక యజమానుని వెదకికొన్నది గనుక గుచ్చబడుట తగునని యాయన భావము. ఆ తీర్పు న్యాయమైనదని నేనును నమ్ముదును. నరుడు నరునికి నిత్యదాసుడగుట ఘనత గాదు. ఆ సమర్పణము దేవునికే చెల్లును.

క్రైస్తవులు నా గాయమున క్రీస్తును చూచుట అందుచేతనే. ఆయన దాసుని స్వరూపము ధరించెనని పౌలు ఫిలిప్పీయులకు వ్రాసెను. తాను వేడుకొనినచో పండ్రెండు సేనావ్యూహములకు మించిన దూతలను తండ్రి పంపునని గెత్సేమనేలో ఎరిగియుండియు, ఆయన వేడుకొనలేదు. మా దాసునివలె ఆయనకును తలుపు తెరచియే యుండెను. ఇచ్చట ఆలుబిడ్డల బంధము సైతము లేదు, తండ్రిపై ప్రేమయు మనపై ప్రేమయు తప్ప. రోమీయులకు వ్రాసిన పత్రికారంభమున తన్ను క్రీస్తు దాసుడని చెప్పుకొనిన పౌలు, యేసు ముద్రలు తన దేహమందున్నవని గలతీయులకు తెలిపినప్పుడు, ఆ దెబ్బల మచ్చలను అవమానముగా గాక హక్కుగా చూపెను.

కావున, సంఘములలో పెద్దలైన అయ్యలారా, భయముచేతగాని, ఋణముచేతగాని, మొగమాటముచేతగాని ఎవనినైనను సేవయందు నిలిపియుంచితిరేని, నా పేరు చెప్పి వాని చెవి పట్టుకొనకుడు. ముందు వానిని విడిచిపెట్టుడు. పోవునప్పుడు వట్టిచేతులతో పంపకుడు.