వాటాలు వెయ్యడం మరిచిన కాలం

పాత బంగళాను పంచడం కూడా చేతకావట్లేదు ఈ కాలపు బిల్డర్లకు. మొన్న మా మనవడు సర్రేలో ఫ్లాటు కొన్నానని తీసుకెళ్లాడు. జార్జియన్ కాలపు బంగళా, బయటికి దర్జాగానే ఉంది. లోపల పడగ్గదిలో కప్పు అంచున సున్నంతో దిద్దిన పూలతీగ ఒకవైపు బయల్దేరి, అట్టగోడకు గుద్దుకుని ఆగిపోయింది. మిగతా పూలు పక్కింటాయనవట! కిటికీ కూడా చెరి సగం. అన్నదమ్ములు పంతానికి పోయి అడ్డగోడ పెట్టిన మండువా లోగిలిలా ఉంది. "హెరిటేజ్, తాతయ్యా" అంటాడు వాడు.

పంచడం తప్పనను. లండన్ పికడిల్లీలో ఆల్బనీ లేదూ? 1770ల్లో విలియం ఛాంబర్స్ మెల్‌బోర్న్ ప్రభువుకు కట్టిన భవనం. తర్వాత రాజుగారి కొడుకు డ్యూక్ ఆఫ్ యార్క్ చేతికొచ్చింది. ఆయన అప్పులపాలై 1802లో అమ్ముకున్నాడు. ఆర్కిటెక్ట్ హెన్రీ హాలండ్ పాత భవనం ముఖం చెడకుండా లోపల కొన్ని వాటాలు వేసి, మిగతావి వెనక తోటలో రెండు బారులుగా కట్టించాడు. మధ్యలో కప్పున్న నడవ. వానొచ్చినా గొడుగక్కర్లేదు. మొత్తం 69 వాటాలు, మొదట్లో బ్రహ్మచారులకే. 1814లో కవి బైరన్ దిగాడు. మన చదువుల తలరాత రాసిన మెకాలే 1841 నుంచి పదిహేనేళ్లు అక్కడే కూర్చుని ఇంగ్లండు చరిత్ర రాసుకున్నాడు. మనకు పాఠం చెప్పి తనేమో హాయిగా... సరే, ఆ కడుపుమంట వేరే.

అంత వెనక్కెందుకు? 1970ల్లో పల్లె బంగళాలు కూలిపోతుంటే ఆర్కిటెక్ట్ కిట్ మార్టిన్ నార్తాంప్టన్‌షైర్‌లో డింగ్లీ హాలును నిలబెట్టాడు. పెద్ద గదుల్ని చీల్చకుండా బంగళాను నిలువునా విడదీయడం ఆయన పద్ధతి. ఎవరి వాకిలి వారిది, ఎవరి మెట్లు వారివి.

నేను డాక్టరుగా ఇంగ్లండు వచ్చిన కొత్తలో విక్టోరియన్ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. గ్యాసు మీటర్లో నాణెం పడితేగానీ వెచ్చదనం లేదు. స్నానానికి క్యూ. అయినా పడుకుని చూస్తే కప్పు పూలు నాలుగు గోడలా పూర్తిగా కనిపించేవి. ఓనరుకు కళాదృష్టి ఉందనుకునేరు, గోడ పెట్టడానికి డబ్బు ఖర్చని మానేశాడంతే!

మావాడు కొన్నదీ సొంతిల్లు కాదు, లీజు. పైగా ఏటా సర్వీస్ ఛార్జి. ఇప్పుడు పైకప్పు కారుతోంది, నీ వంతు కట్టమని ఉత్తరమొచ్చిందట. వాడుండేది గ్రౌండు ఫ్లోరు.