నలభై నిమిషాల ముందు నా ఇంగ్లీషు

ఇంగ్లీషు బాగా వచ్చన్న గర్వం మనలో చాలామందికి గుట్టుగా ఉంటుంది. పైకి ఒప్పుకోం. ఎదుటివాళ్లు ఒక క్రియాపదం తప్పు పలికితే చాలు, లోపల ఏదో తృప్తిగా కదులుతుంది. మీకూ ఎప్పుడో ఒకప్పుడు కదిలే ఉంటుంది, అందుకే ఈ సంగతి మీతో చెప్పుకోగలుగుతున్నాను. నాకు ఆ గర్వం మరీ ఎక్కువ. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫున మున్సిపాలిటీకి అర్జీ పెట్టాలన్నా, పక్కింటి అబ్బాయి స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ దిద్దాలన్నా, ఆఫీసులో క్లయింటుకి క్షమాపణ మెయిలు పంపాలన్నా అందరూ నా దగ్గరికే వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ ఆ గర్వం జానెడు పెరిగేది.

అలాంటి రోజుల్లో కెనడా ఆలోచన మొదలైంది. అక్కడికి వలస వెళ్లే దారి అయిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో భాషకిచ్చే పాయింట్లు బాగా రావాలంటే కెనడా వాళ్ల భాషా కొలమానం సీఎల్‌బీలో తొమ్మిదో స్థాయి అందుకోవాలి. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష లెక్కలో చెప్పాలంటే లిజనింగ్‌లో 8, మిగతా మూడింట్లో తలా 7. ఏ ఒక్కదాంట్లో తగ్గినా పాయింట్లు పడిపోతాయి. ఇది చదివి కన్సల్టెన్సీ ఆయనతో "రైటింగ్ గురించి మీరు బెంగ పెట్టుకోకండి" అన్నాను. ఆయన అప్పటికి బెంగ పెట్టుకోలేదు. ఆ మాట విన్నాకే నా వైపు కాస్త అనుమానంగా చూశారు.

సరిగ్గా అప్పుడే మా మరదలు ఖమ్మం నుంచి మా ఇంటికి వచ్చింది, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకోవడానికి. నర్సు. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియం. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ రైటింగ్‌లో 6.5, మిగతా మూడింట్లో 7 అడుగుతుంది. ఆమెది అకడమిక్ పరీక్ష, నాది జనరల్ ట్రైనింగ్. మొదటి టాస్క్ ఇద్దరికీ వేరు. ఆమె గ్రాఫు చూసి వివరించాలి, నేను ఉత్తరం రాయాలి. రెండో టాస్క్ మాత్రం ఇద్దరికీ వ్యాసమే. కనీసం 250 పదాలు, చేతిలో 40 నిమిషాలు.

ఆమెకి నేర్పే బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను. ఎవరూ అడగలేదు. రాత్రి అన్నాలయ్యాక ఆమె వ్యాసం తెచ్చి నా ముందు పెట్టేది. నేను ఎర్రపెన్ను పట్టేవాణ్ని. ఆమె తేలిగ్గా రాసిన ప్రతి మాటా కొట్టేసి, దాని మీద బరువైన మాట ఇంకోటి రాసేవాణ్ని. 'మెనీ' అని ఉంటే 'ప్లెథోరా'. 'బ్యాడ్' అని ఉంటే 'డెట్రిమెంటల్'. కాగితం అంతా ఎర్రబడేది. "బావా, ఇవన్నీ పరీక్షలో నాకు గుర్తురావు. టైమ్ సరిపోదు" అనేది. "ముందు భాష రానీ, టైమ్ దానంతట అదే వస్తుంది" అనేవాణ్ని. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆమె పద్ధతి నాకు చిన్నపిల్లల వ్యవహారంలా కనిపించేది. ఫోన్‌లో 40 నిమిషాలకి అలారం పెట్టుకుని కూర్చునేది. కాగితం మీద ముందు నాలుగే గీతలు గీసేది: నేనేమంటాను, ఒక కారణం, రెండో కారణం, ఒక ఉదాహరణ. అయిదు నిమిషాలు అందులోనే పోయేవి. తర్వాత రాసేది. చివరి అయిదు నిమిషాలూ పెన్ను కింద పెట్టి, 's' ఎక్కడ మరిచిపోయిందో, 'the' ఎక్కడ వదిలేసిందో వెతుక్కునేది. రోజూ ఇదే.

మరి నా తయారీ? ఇంగ్లీషు పేపరు సంపాదకీయాలు పైకి చదవడం, గట్టి మాటలు ఒక నోటుబుక్కులో ఎక్కించడం. వ్యాసం రాయాలంటే ఆదివారం చూసుకునేవాణ్ని. పొద్దున్న కాఫీతో మొదలుపెట్టి, మధ్యలో టిఫిను, ఫోన్లో నిఘంటువు, లాప్‌టాప్‌లో తప్పుల్ని తనంతట తానే దిద్దే సాఫ్ట్‌వేరు, మధ్యాహ్నం ఒక కునుకు, సాయంత్రానికి ముగింపు. అలా తయారైన వ్యాసాన్ని పదిమందికి వాట్సాప్‌లో పంపేవాణ్ని. "అద్భుతం సార్" అని వచ్చేది. అది నేను పరీక్షలో రాయగలిగిన వ్యాసం కాదని ఒక్కసారీ అనుకోలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా గడియారం పెట్టుకుని రాయలేదు. రాస్తే నా ఇంగ్లీషు ఎంతో నాకే తెలిసిపోతుందన్న భయం అప్పుడే ఉండేదేమో. ఆ భయానికి నేను ఆత్మవిశ్వాసం అని పేరు పెట్టుకున్నాను.

పరీక్ష కంప్యూటర్ మీద రాశాను. లిజనింగ్, రీడింగ్ హాయిగా అయిపోయాయి. రైటింగ్ తెరుచుకుంది. రెండు టాస్కులకీ కలిపి గంట. మొదటిదానికి ఇరవై నిమిషాలు చాలని, రెండోదానికి మార్కుల్లో రెట్టింపు బరువని తెరిచిన ప్రతి పుస్తకంలోనూ చదివినవాణ్నే. కానీ ఎదురుగా ఉత్తరం. వీధిలో రోడ్డు తవ్వి వదిలేశారు, అధికారికి రాయండి అన్నారు. నా చెయ్యి తిరిగిన విద్య! 150 పదాలు అడిగితే 300 దగ్గరికి లాక్కెళ్లాను. ఆ గుంటలో పడబోయిన ముసలాయన, బురద చిమ్మించుకున్న స్కూలు పిల్లలు, వానాకాలం, దోమలు, అన్నీ వచ్చాయి. ఆఖరి వాక్యం రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను. తలెత్తి చూస్తే గంటలో సగానికి పైగా అయిపోయింది.

అప్పుడు వ్యాసం తెరిచాను. నగరాల్లో కార్లు తగ్గాలంటే బస్సులూ రైళ్లూ ఉచితం చెయ్యాలి, ఎంతవరకు ఏకీభవిస్తారు? మీ అనుభవంలోంచి ఉదాహరణలు ఇవ్వండి. ఇంతే ప్రశ్న. నేను మాత్రం నోటుబుక్కులోంచి బట్టీపట్టిన మొదటి పేరా దించాను, ఆధునిక యుగం, ప్రపంచీకరణ, డబుల్ ఎడ్జ్‌డ్ స్వోర్డ్. తర్వాత ఎందుకో రోమన్ల రోడ్లు. అక్కడి నుంచి పారిశ్రామిక విప్లవం, స్టీఫెన్‌సన్ రైలింజను. 'యుబిక్విటస్' స్పెల్లింగు దగ్గర ఆగాను. అక్కడ తప్పులు దిద్దే సాఫ్ట్‌వేరు ఉండదు. కొట్టేశాను, మళ్లీ కొట్టాను, మళ్లీ చెరిపాను. పది నిమిషాలే మిగిలాయి. స్టీఫెన్‌సన్ ఇంకా ఇంజను దగ్గరే ఉన్నాడు, నా బస్సు ఇంకా కదల్లేదు. అరచేతులు తడిసిపోయాయి, పక్క కుర్చీ అమ్మాయి కీబోర్డు టకటక తల మీద సుత్తిలా మోగుతోంది, మొదటి పేరా తీసేద్దామనుకున్నాను, తీసేస్తే పదాలు తగ్గుతాయి, తీయలేదు, రెండో పేరా మధ్యలో వదిలి మూడోది మొదలెట్టాను, అడుగున పదాల లెక్క రెండొందల దగ్గర కొట్టుకుంటోంది, 'దేర్‌ఫోర్' అని కొట్టి కామా పెట్టాను, తెర ఆగిపోయింది.

ఆ కామా తర్వాత ఏం రాద్దామనుకున్నానో నాకు ఇప్పటికీ తెలీదు. నేను ఏకీభవిస్తానో లేదో ఆ వ్యాసంలో ఎక్కడా చెప్పలేదు. మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుండగా అర్థమైంది ఆ సంగతి.

దానికంటే బాధపెట్టిన మాట మా ఆవిడ అన్నది. సాయంత్రం ప్రశ్న చెప్పగానే, "అయ్యో, మన బస్సుల గురించే కదండీ! నా సంగతి రాసి ఉంటే సరిపోయేది" అంది. నిజమే. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి ఆమె మూసాపేటలో ఎక్కి కోఠిలో దిగుతోంది, జీరో టికెట్ మీద. మిగిలిన డబ్బులతో పాపకి డ్రాయింగ్ క్లాసు కడుతోంది. బస్సు కిక్కిరిసి ఉంటుందని, మా ఇంటి కారు మాత్రం రోడ్డెక్కడం మానలేదని కూడా ఆమెకి తెలుసు. అటూ ఇటూ రెండు వైపులా వాదించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది? నా వంటింట్లో ఉన్న జవాబుని వదిలేసి నేను రోమ్ దాకా వెళ్లాను. ఇంటి సంగతి ఇంగ్లీషులో రాస్తే చిన్నతనం అనిపించింది నాకు. అసలు జబ్బు అదే.

ఫలితం వచ్చింది. లిజనింగ్ 8, రీడింగ్ 8, స్పీకింగ్ 7.5, రైటింగ్ 6. సగటు 7.5 అని పడింది. చుట్టాలందరికీ ఆ 7.5 మాత్రమే చెప్పాను, మీకే మొదటిసారి 6 సంగతి చెబుతున్నాను. దిద్దినవాళ్లకి నా స్థాయి అందలేదని ఇంట్లో వాదించి, డబ్బు కట్టి పునఃపరిశీలనకి పెట్టాను. మళ్లీ అదే 6. వ్యాసాన్ని దిద్దేది నాలుగు కొలతలతో, తలా పాతిక శాతం. అడిగినదానికి జవాబు చెప్పావా, మాట మాటకీ పొందిక ఉందా, పదాలు సరిగ్గా వాడావా, వ్యాకరణం కుదిరిందా. నేను జీవితమంతా మూడోదాన్నే ఇంగ్లీషు అనుకున్నాను. అందులో కూడా వాళ్లు చూసేది బరువు ఒక్కటే కాదు. మాట ఉండాల్సిన చోట ఉందో లేదో కూడా చూస్తారు.

మా మరదలికి రైటింగ్‌లో 7 వచ్చింది. స్వీటు తెచ్చి నా చేతిలో పెడుతూ, "నీ దిద్దుబాట్ల వల్లే బావా" అంది. ఆ పిల్ల మనసు మంచిది, అబద్ధం మాత్రం పచ్చిది. నా ఎర్రసిరా కాగితాలన్నీ ఆమె కోచింగులో పక్కన పెట్టేసిందని మా ఆవిడ తర్వాత చెప్పింది.

ఇప్పుడు నాకు నేర్పుతున్నది మరదలే. ఆమె బ్రిటన్ ప్రయాణానికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి రాత్రిళ్లు ఆమె ఎదురుగా కూర్చుంటుంది. ఫోన్ నా ముందు పెట్టి, రఫ్ కాగితం మీద నాలుగు గీతలు గీసేదాకా కీబోర్డు ముట్టుకోనివ్వదు. మొదట్లో 40 నిమిషాల్లో నా వ్యాసం ఎండాకాలం కుళాయిలా సాగేది, ఆగిపోయేది. ఇప్పుడు 270 పదాల దగ్గర ముగుస్తోంది, చివరి అయిదు నిమిషాలు మిగులుతున్నాయి. ఆ మిగిలిన వేళలో చదివితే నా వాక్యాలు సాదాగా కనిపిస్తాయి, మనసు చివుక్కుమంటుంది. అయినా చెరపడం లేదు. చదివినవాళ్లకి నేనేమంటున్నానో తెలుస్తోంది.

మళ్లీ స్లాట్ బుక్ చేశాను. మీ ఇంట్లో కూడా ఇంగ్లీషు బాగా వచ్చని పేరున్నవాళ్లు ఎవరైనా ఈ పరీక్షకి సిద్ధమవుతుంటే, పదిహేను వేలు దాటిన ఫీజు కట్టకముందే ఒక్క సాయంత్రం కూర్చోబెట్టండి. నిఘంటువు, ఇంటర్నెట్ తీసేసి, 40 నిమిషాలకి అలారం పెట్టి ఒక్క వ్యాసం రాయించండి. వాళ్లు విసుక్కుంటారు. నేనూ విసుక్కున్నాను. దయచేసి వినిపించుకోకండి.