సున్నా వెడల్పు అక్షరానికి టీక

మూలం: సాఫ్ట్‌వేర్.

స, దీర్ఘం, ఫ, పొల్లు, ట, పొల్లు, వ, ఏత్వం, ర, పొల్లు: వెరసి పది అని లెక్క తేల్చి పుస్తకం మూసేవారు మూలాన్ని సరిగా చూడనివారే. మూలంలో ఉన్నవి పదకొండు. రెండో పొల్లుకూ ‘వ’కూ నడుమ ఇంకొకటి కూర్చుని ఉంది. యూనికోడ్ పట్టికలో దాని స్థానం 200సి, మామూలు అంకెల్లో 8204. నామధేయం జీరో విడ్త్ నాన్ జాయినర్. జీరో విడ్త్ అనగా వెడల్పు లేనిది. నాన్ జాయినర్ అనగా కలవనివ్వనిది. తాను చోటు తీసుకోకుండానే ఇద్దరి మధ్య అడ్డుపడేది అని అన్వయం. (ఇటువంటి బంధువు ప్రతి పెళ్లిలోనూ ఒకరుంటారు గాని, ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం.)

కంటికి ఆననిదాన్ని అక్షరమనడం ఎలా అని పూర్వపక్షం. ప్రత్యక్షం చాలనిచోట అనుమానం ప్రమాణమవుతుంది. పొగను చూసి నిప్పును ఊహించడం లేదా? కర్సరును ‘వే’ ముందు నిలిపి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. చాలా ఎడిటర్లలో చెరిగినట్టు ఏమీ కనబడదు, కానీ మాట కూలిపోతుంది. ‘ఫ’ నెత్తిమీది పొల్లు మాయమై ఆ చోట ఏత్వం ఎక్కుతుంది. ‘వ’ కిందికి జారి, అప్పటికే అక్కడున్న ట వత్తు పక్కన రెండో వత్తుగా ఇరుక్కుంటుంది: సాఫ్ట్వేర్. ఏమీ లేనిదాన్ని తీసేస్తే ఇంత పని జరగదు. పైగా యూటీఎఫ్-8 పద్ధతిలో ‘క’కు మూడు బైట్లు పడితే దీనికీ మూడే. మూలం బరువు 33 బైట్లు, కూలిన రూపం 30. పాణిని లోపమన్నది ఉండవలసినది కనబడకపోవడాన్ని. ఇది అసలు కనబడడానికే పుట్టలేదు, కనుక లోపమని కూడా తోసేయలేం.

ఈ అడ్డు అవసరమేమిటి, చేతితో అచ్చు కూర్చిన రోజుల్లో ఇది లేకుండానే గడవలేదా అంటారు. గడిచింది, నిజమే. పొల్లు వేయాలో వత్తు వేయాలో కంపోజిటరు కన్నే తేల్చేది. యూనికోడ్ దాచేది రూపాన్ని కాదు, అక్షరాల వరుసను. తెలుగు వత్తులకు దాని పట్టికలో విడి స్థానాలే లేవు. హల్లు, పొల్లు, హల్లు వరుసగా వస్తే రెండో హల్లును కిందికి దించమని ఫాంటుకు ఆజ్ఞ. ‘అమ్మ’, ‘కర్ర’ అలాగే పుడతాయి. అది ఉత్సర్గం, అనగా సాధారణ నియమం. ఉత్సర్గమున్నచోట అపవాదం, అనగా మినహాయింపు, ఉండి తీరాలి. ఆ అపవాదమే మన 200సి.

రెండు రూపాలూ ఒకేలా పలుకుతాయి కదా, ఇదంతా ముస్తాబేనని మరో ఆక్షేపణ. పలుకు మారదని ఒప్పుకుంటాం. కానీ మాట అతుకు ఎక్కడుందో కన్ను వెతుక్కుంటుంది. ‘బస్‌లో’ అన్నచోట ప్రత్యయం విడిగా నిలుస్తుంది. అడ్డు తీస్తే ‘బస్లో’: లోపల అని చెప్పవలసిన ‘లో’ బస్సు కిందికి వెళ్లిపోయింది. పోనీ ఖాళీ పెడదామా? ‘సాఫ్ట్’ పంక్తి చివర చిక్కుకుని ‘వేర్’ కింది పంక్తిలో అనాథగా తేలుతుంది. అక్షరం అక్షరం పోల్చి వెతికే యంత్రానికి ఈ మూడూ మూడు వేర్వేరు మాటలన్నది మాత్రం గట్టి ఆక్షేపణే. దానికి సమాధానం, వెతికేటప్పుడు 200సిని లెక్కలోకి తీసుకోకపోవడం, రాతలోంచి పీకేయడం కాదు.

పక్కింటి 200డి, అంటే కలిపే తమ్ముడు, ఇమోజీలో అమ్మానాన్నలను పిల్లలతో కలిపి పేరు తెచ్చుకున్నాడు. విడదీసే అన్నకు కీర్తి పారసీకుల దగ్గరే దక్కింది. అక్కడ క్రియల ముందు చేరే ‘మీ’ని తర్వాతి భాగంతో అతుక్కోకుండా ఆపేది ఇదే, వాళ్లు దీన్ని నీమ్ ఫాసెలే, అనగా అర ఖాళీ, అంటారు, ప్రామాణిక కీబోర్డులో షిఫ్టుతో స్పేస్ నొక్కితే పడుతుంది. మనం వర్డ్‌లో 200సి అని కొట్టి ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కి తెచ్చుకోవచ్చు. తెలుగులో పిలవడానికి దానికింకా పేరైనా కుదరలేదు.