కూతలో రాజీ లేదు

కాజీపేట, డోర్నకల్, బిట్రగుంట, గుంతకల్లు... రైల్వే ఊరు ఏదైనా కానివ్వండి, రిటైరైన డ్రైవర్లలో ఒకాయన తప్పకుండా బొమ్మరైలు దగ్గర తేలతాడు. తోటివాళ్ళు పెన్షను, మోకాళ్ళు, అల్లుళ్ళు అనే మూడు స్టేషన్ల మధ్య షటిల్ కొడుతుంటే, ఈయన భోజనాల బల్ల ఆక్రమించి పట్టాలు పరుస్తాడు. పిల్లల కోసమే అంటాడు. ఏ పిల్లలండీ అని అడక్కూడదు. సొంత మనవలు టెక్సాస్‌లో ఉంటారు. కాబట్టి సంక్రాంతి బొమ్మల కొలువుకి వచ్చే వీధి పిల్లలందరూ ఆయన ప్రయాణికులే.

మా వీధి బాబాయిగారిదీ ఇదే బాపతు. కొలువు మెట్లు, వాటిమీది సీతారాములు, దశావతారాలు పిన్నిగారి డివిజను. పక్కనున్న బల్ల ఆయన డివిజను. రైలు హెచ్‌వో స్కేలు, అంటే అసలు రైలులో 87వ వంతు. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు కదా, లెక్క ప్రకారం బొమ్మ పట్టాల మధ్య 19 పైచిలుకు ఉండాలి. బజార్లో దొరికేది 16.5. "కొలతలో రాజీ పడ్డానోయ్. కూతలో మాత్రం పడను" అంటారాయన. గొడవంతా ఆ రెండో వాక్యంతోనే మొదలైంది.

అదివరకు బండి నోరు మూసుకుని గుండ్రంగా తిరిగేది. పిల్లలు రెండు చుట్లు చూసి శనగల కోసం వెళ్ళిపోయేవారు. అవమానం భరించలేక ఆయన హైదరాబాదు వెళ్ళి, కోఠీ గుజరాతీ గల్లీలో సంచీడు సామాను కొనుక్కొచ్చారు. బల్ల అంచున, ఐదేళ్ళ పిల్లవాడి చేతికందే ఎత్తులో, బటన్లు. నొక్కితే ఆర్డునో బోర్డు కబురు పెడుతుంది. తపాలా బిళ్ళంత డీఎఫ్‌ప్లేయర్ మెమరీ కార్డులోంచి శబ్దం తీసి స్పీకరుకిస్తుంది. చిన్న స్పీకరును ఊరికే వదిలేస్తే ముందు శబ్దాన్ని వెనక శబ్దం తినేసి పీలగా పలుకుతుంది, డబ్బాలో బిగిస్తే గొంతు నిండుతుంది. ఈ సత్యం ఆయనకి తెలిసిన వారంలో వంటింట్లో కాఫీపొడి, కందిపప్పు కాగితం పొట్లాల్లోకి మారాయి.

ఇక శబ్దాల ఎంపిక. పెళ్ళిసంబంధాలు కూడా అంత వడపోత పడవు. రెండు సిలిండర్ల ఆవిరింజను చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు సార్లు ఊపిరి విడవాలి. ఇంటర్నెట్లో దొరికిన 'చుక్‌చుక్' అన్నిటినీ చక్రంతో సరిచూసి, తప్పినదాన్నల్లా తిప్పి పంపారు. పట్టాల టకటక ఇంకో బటన్. "తాతా, మేము వందేభారత్‌లో వెళ్ళాం, ఇలా చప్పుడే రాలేదు" అన్నాడో గడుగ్గాయి. 13 మీటర్ల పట్టా, అతుకు దగ్గర సందు, ఇప్పుడవన్నీ వెల్డింగు చేసి కలిపేసిన వైనం... బాబాయిగారు తలెత్తేసరికి వాడు లేడు.

ఆయన ప్రాణం మూడో బటన్. 1962లో అమెరికా నుంచి దిగిన ఆల్కో, డబ్ల్యూడీఎం-2, పదహారు సిలిండర్ల డీజిలు. ఆ ఇంజను ప్లాట్‌ఫారం మీద నిలబడి గురగురలాడే శబ్దం, 22 సెకన్లు. ఏమీ జరగదు. ఇంజను కదలదు, కూత వెయ్యదు. ఊరికే ఉంటుంది. పిల్లలు ఒకసారి నొక్కి, "తాతా, ఇది పాడైపోయింది" అని ఫిర్యాదు చేస్తారు.

అందరూ ఎగబడేది గేదె బటన్ మీద. లెవెల్ క్రాసింగు పక్కన మేస్తుందని పిన్నిగారి ఒత్తిడి మీద పెట్టిన గేదె అది. వెనకవీధి పాలాయన గేదెనే ఫోన్లో రికార్డు చేశారు, బేరం అక్కర్లేకుండా. నొక్కినప్పుడల్లా అరుపు మొదటికొస్తూ పోయింది. 'అంబా' పూర్తిగా ఎవరూ వినలేదు, 'అం... అం... అం...' తప్ప. బాబాయిగారికి డ్యూటీ బుద్ధి మేలుకుంది. ఒక శబ్దం పూర్తయ్యేదాకా ఇంకో బటన్ పలకకుండా ఇంటర్‌లాకింగు పెట్టారు. పిల్లలు రెండు చేతులతో బాదడం మొదలుపెట్టారు.

బటన్లే వద్దని ఒక ఏడు ఇన్‌ఫ్రారెడ్ సెన్సరు బిగించారు. చెయ్యి ఊపితే చాలు, గోదావరి ఎక్స్‌ప్రెస్ అనౌన్స్‌మెంటు. పేరంటాళ్ళు బొట్టు పెట్టించుకోవడానికి వంగినప్పుడల్లా పమిట సెన్సరుకి అడ్డొచ్చి, "దయచేసి వినండి. బండి నంబరు ఒకటి రెండు ఏడు రెండు ఏడు..." సాయంత్రమయ్యేసరికి ఆ బండి ఎన్నిసార్లు వచ్చిందో కంట్రోలు రూముకే తెలియాలి. పిన్నిగారు వైరు పీకేశారు.

ఆయన పడికట్టు ఉదాహరణ జర్మనీలోని హాంబర్గు. అక్కడ 2001లో తెరిచిన బొమ్మరైళ్ళ ప్రదర్శన మినియాటుర్ వుండర్‌లాండ్‌లో సందర్శకులు నొక్కడానికే బటన్లు పెట్టారని, స్విట్జర్లాండు సెట్టింగులో ఒకటి నొక్కితే బుల్లి ఫ్యాక్టరీలోంచి నిజం చాక్లెట్టు వస్తుందని వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. "అక్కడ నొక్కితే చాక్లెట్టు, ఇక్కడ నొక్కితే ఉపన్యాసం" అని పిన్నిగారు శనగల పళ్ళెం అందిస్తారు.

నా మట్టుకు నాకు పిల్లల తప్పేమీ కనిపించదు. ఇంట్లో ఏ స్విచ్చి ముట్టుకున్నా "చెయ్యి తియ్" అనే ఈ లోకంలో, వాళ్ళ వేలికి గేదె జవాబు చెబుతోంది. ఆల్కోకి నాలుగు ఊపిర్లా, ఆరా అన్నది వాళ్ళకెందుకు? నిజానికి ఆల్కోకి ఆ లెక్కే లేదు, అది ఆవిరింజనుది. ఈ మాట బాబాయిగారి ముందు అనకండి, గంట పడుతుంది.

సంక్రాంతికి మీ వీధిలో ఇలాంటి కొలువు ఉంటే వెళ్ళండి. పిల్లల్ని గేదె దగ్గర వదిలెయ్యండి. మీరు మాత్రం ఆ ఇంజను బటన్ ఒక్కసారి నొక్కి, 22 సెకన్లూ కదలకుండా నిలబడండి. పెద్దాయన మిమ్మల్నే చూస్తుంటారు.