బొటనవేలంత తాళం

కంపెనీ కాగితాల్లో నా పేరు డాంగిల్. ఆఫీసులో ఎవరూ అలా పిలిచిన పాపాన పోలేదు. అందరికీ నేను 'లాక్'ని. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్కని. ఒక పక్క పిన్నులు, ఇంకో పక్క రంధ్రాలు. 2003లో విజయవాడ డీలరు జేబులోంచి దివిసీమలోని ఒక మండల పరిషత్ ఆఫీసుకొచ్చాను. సీపీయూ వెనక ప్రింటరు పోర్టులో నన్ను బిగించి, నా వీపుకి ప్రింటరు తీగ తగిలించారు. ఆ రోజు నుంచి ఆ ఆఫీసు తెలుగంతా నా మీదే నడిచింది.

నేనుంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది. ఒకసారి చీపురు తగిలి కాస్త వదులైతే, సర్వసభ్య సమావేశం అజెండా రోజంతా ఆగిపోయింది. ఎంపీడీవో గారు సైతం వంగి బల్ల కింద నా కోసం తడుముకున్నారు. గర్వపడలేదంటే అబద్ధమే.

ఇందులో కిటుకొకటుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఫాంట్లలో 'క' నిజానికి 'క' కాదు, ఏదో ఇంగ్లీషు గుర్తుకి తగిలించిన తెలుగు ముసుగు. 256 గదుల్లో గుణింతాలూ వత్తులూ ఇరికించాలి, తయారుచేసినవాళ్ళ తిప్పలు వాళ్ళవి. అయితే ఏ గదిలో ఏది పెట్టాలన్నది కంపెనీకో లెక్క. భారతీయ లిపులకు ఇస్కీ అనే ఉమ్మడి ప్రమాణం 1991లోనే ఉంది. ఆ ఏడే వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనూ తెలుగుంది. నన్ను కొన్నప్పుడు ఆ ఊసెత్తినవాళ్ళు లేరు, కొటేషన్‌లో అంకె చూశారంతే. బందరులో 1902లో కృష్ణాపత్రిక మొదలైంది సీసపు అక్షరాల కాలంలో. ఆ సీసం ఎవరు పోతపోసినా, అచ్చయిన కాగితం చదవడానికి పోతపోసినవాడి దగ్గరికి వెళ్ళాల్సిన పని లేదు.

పదేళ్ళు తిరిగేసరికి కొత్త కంప్యూటరు దిగింది. దానికి నేను దూరే పోర్టే లేదు. డీలరుకి ఫోన్ చేస్తే పాత లాక్ మార్చరట, కొత్త వెర్షన్ కొనాలట. అప్పటికే ప్రభుత్వం యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా పంచుతోంది, పొన్నాల, ధూర్జటి, మల్లన్న అంటూ. ఇక నేనెందుకు? గుండుసూదుల డబ్బా పక్కన, సొరుగులో పడేశారు. ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడ్డాయి.

మొన్నామధ్య నాగాయలంక వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. 2008 నాటి ఇళ్ళ స్థలాల తీర్మానం నకలు కావాలి. కాగితం ప్రతి చెదలు తినేసింది. ఆపరేటరమ్మాయి పాత డిస్కులో ఫైలు వెతికి తెరిచింది. తెర నిండా ఇంగ్లీషు ముక్కలు, కొక్కేలు, డాలరు గుర్తులు.

"ఇదేం భాషమ్మా?" అన్నాడు రైతు.

"తెలుగే బాబాయ్," అంది ఆ పిల్ల, తలెత్తకుండా.

అటక మీద ఇంకేదైనా ఉందేమోనని అటెండరు ఒక మూట దించాడు. అందులో పాత సమితి రోజుల రిజిస్టరొకటి బయటపడింది. 1977 నవంబరు 19న ఉప్పెన నీళ్ళు తాగిన పుస్తకం. అంచులు అట్టకట్టాయి, సిరా నీలిమరకలై పాకింది. అయినా అటెండరు అద్దాలు సవరించుకుని, వేలు పెట్టి వరసగా చదివేశాడు. సొరుగు సందులోంచి విన్నాను. నా తీర్మానానికి పదిహేడేళ్ళే.

చివరికి ఫైలు పెన్‌డ్రైవులో గుడివాడ వెళ్ళింది. అక్కడి డీటీపీ షాపులో నా జాతిది ఒకటి ఇంకా బతికుందట. యూనికోడ్‌లోకి మార్చి ఇచ్చారు. క్రావడి మాత్రం చోటు తప్పింది. పాత పద్ధతిలో దాన్ని అక్షరానికి ముందు కొట్టేవాళ్ళు లెండి, మార్పిడిలో అక్షరం తర్వాతికి జరపబోయి ఇంకో అక్షరం కూడా దాటించేశారు. దాంతో 'గ్రామం' కాస్తా 'గామ్రం' అయింది, 'ప్రభుత్వం' 'పభ్రుత్వం' అయింది. లబ్ధిదారుల పేర్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆధార్‌తో ఒక్కటీ కలవదు.

తెలంగాణలో 2020లో మొదలైన ధరణి భూరికార్డుల పోర్టల్‌ని ప్రైవేటు సంస్థ నుంచి 2024లో ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీకి అప్పగించారని సూపరింటెండెంటు గారు పేపరు చూసి చెబుతున్నారు. ఆ పిల్ల వినడం లేదు. ఒక్కో క్రావడినీ వెనక్కి లాగుతోంది. మూడో పేజీలో ఉండగా కరెంటు పోయింది.

"మిగతావి రేపు చూద్దువుగాన్లేమ్మా," అని అటెండరు సొరుగు నెట్టేశాడు.