శునీవరణ టీక

మూలం: వంశము గల శునిని ఈనుటకు నిలుపవలెను, పరుగు పిమ్మట చూడవచ్చును.

ప్రతిపదార్థం: వంశము గల = పుస్తకంలో ఏడు తరాల పేర్లున్న; శునిని = ఆడ ఫాక్స్‌హౌండును, అంటే నక్కవేట కుక్కను; పిమ్మట = ఎన్నడూ.

తాత్పర్యం: కాగితం బాగుంటే కుక్క బాగున్నట్టే.

విశేషం: కావ్యవ్యాఖ్యాత కొలచాల మల్లినాథసూరి ఈ వాక్యం జోలికి రాలేదు గనుక ఆ భారం మనమీద పడింది. ఇంగ్లండులో హ్యూగో మెయ్‌నెల్ 1753 నుంచి క్వార్న్ వేటదండును నడుపుతూ ముక్కు, వేగం, దమ్ము చూసి కుక్కలను జత కట్టించాడు. నేడు వంశమని పూజలందుకునేది ఒకనాటి పనితనమే అన్నమాట. 1878లో పీటర్‌బరో ఫాక్స్‌హౌండ్ల ప్రదర్శన మొదలయ్యాక పెంపకందార్ల చూపు ముక్కు మీంచి కాళ్ళమీదికి దిగింది. బహుమతుల రక్తమే మళ్ళీమళ్ళీ కలిసి ఎముక లావెక్కింది, పరుగు బరువెక్కింది. వంశావళికి మాత్రం మచ్చ లేదు. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలో సర్ ఎడ్వర్డ్ కర్, ఐకీ బెల్ వంటి పెంపకందార్లు వేల్స్ కుక్కల రక్తం కలిపి ఆ బరువు దించవలసి వచ్చింది. సంప్రదాయవాదులకు అది సంకరం. నక్కకు అభ్యంతరం ఉన్నట్టు దాఖలా లేదు.

అసలు చిక్కు ఒకే ఈతలో ఉంది. నాలుగు ఆడపిల్లలకూ వంశావళి అక్షరం తేడా లేకుండా ఒకటే. తల్లి జన్యువుల్లో సగం, తండ్రివాటిలో సగం ఒక్కో పిల్లకు ఒక్కో తీరుగా అందుతాయి. ఆ పంపకం పుస్తకానికి ఎక్కదు. ఒకటి చల్లారిన జాడను కూడా వదలదు, ఒకటి జాడ లేకుండానే మొరుగుతుంది, మరొకటి దండును వదిలి అడ్డదారి పడుతుంది. దేన్ని ఈనించాలంటే మూలకారుడు మౌనం. మగకుక్క గుణం ఊరూరా పుట్టిన సంతానంలో త్వరగానే బయటపడుతుంది. ఆడదానికి బతుకంతా కలిపి కొన్ని ఈతలే. పిల్లలు పెరిగి సాక్ష్యం చెప్పేదాకా ఆగితే దాని ఈడు దాటిపోతుంది. కనుక దాని సొంత పని చూడక తప్పదు.

ఆవు చేను మేస్తే దూడ గట్టు మేస్తుందా అని పూర్వపక్షం. మేయదు సరే, ఆవు నిజంగా చేను మేసిందా, ప్రదర్శనలో నిలబడి వచ్చిందా అన్నది ముందు తేలాలి. రెండో ఆక్షేపం గట్టిది: వేటలో పనితనం ఆనాటి తేమకు, గాలికి, వేటగాడి నేర్పుకు లోబడుతుంది, పైగా నాసి కుటుంబంలో ఒక్కటే మెరిస్తే దాని పిల్లలు ఆ కుటుంబపు సగటువైపే జారతాయి. ఒప్పుకోవలసిందే. అందుకే ఒక్కనాటి పరుగుతో తేల్చకుండా రెండు సీజన్లు చూడాలి. తల్లి, పినతల్లులు, తోబుట్టువులు ఎలా వేటాడాయో ఆరా తీయాలి. ఇదీ వంశం చూడటమే కదా అంటే, అవును, పేర్ల బదులు పనులు చదవడం. ఇంగ్లండు, వేల్సుల్లో 2005 నుంచి కుక్కలతో నక్కవేట నిషిద్ధమై, దండ్లు మనిషి పరిచిన వాసన వెంట పోతున్నాయి గనుక ఈ పరీక్ష ఇప్పుడు మరీ తేలిక: జాడ వేసినవాడికి దారి తెలుసు, తప్పినదేదో అడిగితే చెబుతాడు.